నీళ్లాటకు బయలుదేరే ముందు పాదాలు చూసుకోండి

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే మా ఆస్పత్రికి వచ్చేవాళ్ల ప్రశ్నలు మారిపోతాయి. "డాక్టరుగారూ, పిల్లల్ని హైదరాబాదులో వాటర్ పార్కుకు తీసుకుపోదామనుకుంటున్నాం. అన్ని గంటలు నీళ్లలో నానితే జ్వరం రాదు కదా?" అని ఒక తల్లి అడుగుతుంది. "ఆ నీళ్లలో ఏదో మందు కలుపుతారట, కళ్లకు మంచిదేనా?" అని ఇంకొకాయన అడుగుతాడు. "మా అత్తగారికి చక్కెర వ్యాధి వుంది, వెంట తీసుకుపోవచ్చా?" అని మాత్రం ఎవరూ అడగరు. అత్తగారు సంచుల దగ్గర కూర్చుంటుంది కదా, ఆమెకేమవుతుంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

అందుకే ఈ వారం పిల్లల జ్వరాల గురించి, నీళ్లలో కలిపే మందు గురించి చెబుతూనే మా ఇంట్లో జరిగిన సంగతి కూడా చెబుతాను. పాతికేళ్లకు పైగా ఇతరులకు జాగ్రత్తలు చెబుతున్నవాణ్ణి. నా పొరపాటును నేనే చెప్పుకోవాలంటే కొంచెం సిగ్గుగానే వుంది.

మాది రుద్రంగి. అటు కోరుట్ల, జగిత్యాల, ఇటు వేములవాడ, సిరిసిల్ల. నడుమ మా వూరు. 2016లో మండల కేంద్రమైంది, అంతకు ముందు చందుర్తి మండలంలో వుండేది. మా వైపు ఏ వాడకు వెళ్లినా నలుగురైదుగురు మగవాళ్లు గల్ఫ్ దేశాల్లో వుంటారు. ఇండ్లలో ఆడవాళ్లు బీడీలు చుడతారు. మా అక్క కూడా అంతే. చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి బీడీలు చుడుతూనే కొడుకును పెంచి పెద్దచేసింది. నేను వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో చేరిన రోజున నాతోపాటు వెళ్లిన ఇనప పెట్టె, దుప్పటి ఆమె బీడీల డబ్బుతో కొన్నవే.

ఆమె కొడుకు, అంటే మా మేనల్లుడు, దుబాయిలో టైల్స్ పని చేస్తాడు. రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు మీద వస్తాడు. రెండేళ్ల కిందట ఏప్రిల్ నెలాఖరున వచ్చినప్పుడు నా దగ్గరికొచ్చి కూర్చుని, "మామా, పిల్లగాండ్లను వాటర్ పార్కుకు తీస్కపోదామనుకుంటున్న. నువ్వు, అత్త గూడ రావాలె" అన్నాడు. ఎందుకురా ఇంత ఎండలో అన్నాను. "అక్కడ దుబాయిల సముద్రం ఒడ్డుకు వైల్డ్ వాడి అని పెద్ద పార్కు ఉన్నది మామా. దాని పక్క బిల్డింగుల శానా రోజులు పని చేసిన. లోపట పిల్లలు కేకలు పెట్టుకుంట ఆడుతుంటే మాకు ఇనబడేది. మా పిల్లల్ని గసొంటి దాంట్ల ఒక్క దినమన్న ఆడిపియ్యాలె" అన్నాడు. ఆ మాట విన్న తర్వాత ఇక కాదనడానికి నాకు నోరు రాలేదు.

నిజానికి ఈ నీళ్ల పార్కులు మరీ పాతవేం కావు. 1977లో అమెరికాలోని ఓర్లాండో నగరంలో జార్జ్ మిల్లే అనే ఆయన ప్రారంభించిన 'వెట్ అండ్ వైల్డ్' నుంచి ఈ పద్ధతి ప్రపంచమంతా పాకిందంటారు. మన హైదరాబాదుకు గండిపేట వైపు ఓషన్ పార్కు వచ్చింది. 2007లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జలవిహార్, 2016లో రావిర్యాల దగ్గర వండర్లా వచ్చాయి. మేము వెళ్లిన పార్కు పేరు ఇక్కడ రాయను. జరిగినదానిలో తప్పు వాళ్లది కాదు, నాది.

ఏర్పాట్లన్నీ మేనల్లుడు సెల్‌ఫోనులోనే చేశాడు. టిక్కెట్లు ఏ రోజు చవక, ఏ జారుడుబల్లకు పిల్లవాడి ఎత్తు ఎంత వుండాలి, లోపల భోజనం ఎంత, అన్నీ కనుక్కున్నాడు. పన్నెండు మందిమి. ఒక తుఫాన్ బండి మాట్లాడాడు. వేములవాడ, సిరిసిల్ల, సిద్దిపేట మీదుగా, పోనూ రానూ కలిపి నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరితే తొమ్మిది, పదింటికి అక్కడుంటాం. నాకు అప్పజెప్పిన పని ఒక్కటే. "మామా, మందుల సంచి నువ్వు పట్టుకో."

పట్టుకున్నాను. సంచిలో బండి పడనివాళ్లకు వాంతుల మాత్రలు, జ్వరానికి పారాసిటమాల్, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, దూది, గాజు గుడ్డ పెట్టుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ సంచిలో వున్నవి దాదాపు అన్నీ పిల్లల కోసమే. ముందురోజు సాయంత్రం పిల్లలందరినీ వరుసగా నిలబెట్టి చెవులు, గొంతులు చూశాను కూడా. పిల్లల విషయంలో నేను ఏ లోటూ చేయలేదు. ముందు ఆ సంగతులే చెబుతాను, మీకు పనికివస్తాయి.

నీళ్లలో నానడం వల్ల జ్వరం రాదు. నీళ్లలో వున్న సూక్ష్మక్రిములు నోట్లోకి పోవడం వల్ల వస్తుంది. పార్కువాళ్లు నీళ్లలో కలిపే క్లోరిన్, లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాముల మేరకు వుంటే చాలా రకాల క్రిములు కొన్ని నిమిషాల్లోనే చచ్చిపోతాయి. కాని క్రిప్టోస్పోరిడియం అనే ఒక మొండి క్రిమి వుంది. అది సరిగ్గా క్లోరిన్ కలిపిన నీళ్లలో కూడా వారం పైగా బతుకుతుంది. నీళ్ల విరేచనాలు పట్టిస్తుంది. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఈ క్రిమి తాగునీళ్లలో చేరి దాదాపు నాలుగు లక్షల మందిని మంచాన పడేసింది. కనుక విరేచనాలవుతున్న పిల్లవాణ్ణి, "టిక్కెట్లు కొన్నాం కదా" అని నీళ్లలోకి దింపకండి. వాడి ఒక్కడి వల్ల వందమంది పిల్లలకు అంటుకోవచ్చు. తగ్గాక కూడా రెండు వారాలు ఆగడం మంచిది. నీళ్లు మింగవద్దని పిల్లలకు ముందే గట్టిగా చెప్పండి.

కళ్లు మండేది క్లోరిన్ ఎక్కువై కాదా అని అడుగుతారు. చాలాసార్లు కాదు. మనుషుల చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిసినప్పుడు పుట్టే పదార్థాల వల్ల ఆ ఘాటు వాసన, ఆ మంట కలుగుతాయి. అంటే నీళ్లు బాగా వాసన కొడుతున్నాయంటే మందు ఎక్కువైందని కాదు, మైల ఎక్కువైందని అర్థం. నీళ్లలో దిగేముందు స్నానం చేయమని బోర్డు పెట్టేది ఇందుకే. మనవాళ్లు ఆ బోర్డును చూసి నవ్వుకుని వెళ్లిపోతారు. "నీళ్లలోకి దిగేవాళ్లకు మళ్లీ స్నానమేమిటి?" అని మా బృందంలోనే ఒకరన్నారు. పిల్లల్ని గంటకోసారి మూత్రానికి తీసుకువెళ్లడం కూడా మరిచిపోకండి. సిగ్గుపడి చెప్పరు, నీళ్లలోనే కానిచ్చేస్తారు.

ఇక చెవులు. ముందురోజు చూసినప్పుడు ఒక పిల్లవాడి చెవి కారుతున్నది. కర్ణభేరికి చిల్లి వున్న చెవిలోకి ఆ నీళ్లు పోతే చీము పెరుగుతుంది. వాణ్ణి నీళ్లలో దింపవద్దన్నాను. వాడు ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో వుంది. అయినా ఒప్పుకోలేదు. పొడి ఆటలు ఆడుకున్నాడు. మంచి చెవులున్న పిల్లలకైతే, ఆట అయ్యాక తల పక్కకు వంచి, తువ్వాలు కొసతో బయట మాత్రం తుడిస్తే చాలు. పుల్లలు, పిన్నులు పెట్టి కెలకవద్దు. కళ్లలో కాంటాక్టు లెన్సులు పెట్టుకునేవాళ్లు వాటిని తీసి దిగాలి. గర్భవతులు, గుండె జబ్బువాళ్లు జారుడుబల్లలు ఎక్కకూడదు. మూర్ఛ వున్నవాళ్ల విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. నీళ్లలో మూర్ఛ వస్తే పక్కనున్నవాళ్లు ఆట అనుకుంటారు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం మునగడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ఒక్క సంవత్సరంలోనే ప్రపంచంలో సుమారు మూడు లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వాళ్లలో నాలుగోవంతు మంది అయిదేళ్లలోపు పిల్లలు. మునిగేవాడు కేకలు వేస్తాడు, చేతులు కొట్టుకుంటాడు అని సినిమాలు చూసి అనుకుంటాం. మునిగే పిల్లవాడు చప్పుడే చేయడు. ఊపిరికే చాలనివాడు ఇక కేకెలా వేస్తాడు? మా వైపు పిల్లలం నడుముకు బెండు కట్టుకుని బావుల్లో ఈత నేర్చినవాళ్లం. అక్కడ లోతు చూసి భయముండేది, ఆ భయంతో పెద్దవాళ్లు కళ్లప్పగించి చూసేవాళ్లు. మోకాటిలోతు నీళ్లు చూసి ఎవరూ భయపడరు. చుట్టూ పదిమంది పెద్దవాళ్లుంటే ప్రతివాళ్లూ పక్కవాళ్లు చూస్తున్నారులే అనుకుంటారు.

అందుకని నేను ఒక ఏర్పాటు చేశాను. చేనుకు మంచె మీద కావలి వున్నట్టు, పిల్లలకు ఒక కావలి. ఎర్ర తువ్వాలు ఎవరి భుజాన వుంటే వాళ్లదే బాధ్యత. ఆ పావుగంట ఫోను చూడకూడదు, ఫొటోలు తీయకూడదు, కబుర్లు చెప్పకూడదు. పావుగంట కాగానే తువ్వాలు ఇంకొకరి భుజాన వేయాలి. అందరూ నవ్వారు. మధ్యాహ్నం పన్నెండున్నరకు, తువ్వాలు నా భుజాన వున్నప్పుడే, ఆరేళ్ల పిల్లవాడొకడు జారుడుబల్ల దిగి, కాలు జారి బోర్లా పడ్డాడు. నీళ్లు వాడి నడుముకు కూడా రావు. అయినా లేవలేకపోయాడు, ఏ వైపు పైకి వుందో వాడికి తెలియలేదు. రెండు అంగల్లో వెళ్లి ఎత్తేశాను. దగ్గి, తుమ్మి, మళ్లీ ఆటకు పోయాడు. వాడి తల్లి ఆరడుగుల దూరంలో, వాడి వైపే తిరిగి నిలబడి వుంది, చూడలేదు.

ఒకవేళ పిల్లవాడు ఊపిరి లేకుండా దొరికితే? కడుపు నొక్కి నీళ్లు కక్కించడం, కాళ్లు పట్టుకుని తలకిందులుగా తిప్పడం మా పల్లెల్లో ఇంకా చేస్తారు. ఆ నిమిషాలు ప్రాణం ఖరీదు. వెల్లకిలా పడుకోబెట్టి, గదవ పైకెత్తి, నోటితో నోట్లోకి అయిదుసార్లు ఊపిరి ఊదాలి. ఆ తర్వాత గుండె మీద నొక్కుతూ, మధ్యమధ్య ఊదుతూ వుండాలి. ఈ లోపు ఇంకొకరు పార్కులో వుండే రక్షకుణ్ణి పిలవాలి, 108కి ఫోను చేయాలి. దీన్ని పుస్తకంలో చదివితే రాదు, ఎవరి దగ్గరైనా ఒకసారి చేసి నేర్చుకోవాలి.

ఆ పిల్లవాణ్ణి ఎత్తాక నాలో కొంచెం గర్వం కలిగిన మాట నిజం. మందుల సంచి, ఎర్ర తువ్వాలు, చెవుల పరీక్ష, అన్నీ సవ్యంగా జరిగాయనుకున్నాను. నా కళ్లన్నీ నీళ్ల మీదే వున్నాయి. నా వెనుక, గచ్చు మీద, అక్క నడుస్తున్నది.

నీళ్లలోకి దిగాలంటే నైలాను దుస్తులు వేసుకోవాలి, నూలు చీరలు, పంజాబీ డ్రెస్సులు పనికిరావు. గుడ్డ నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, జారుడుబల్లలో చిక్కుకుంటుంది, పోగులూడి నీళ్లలో కలుస్తుంది. ఆ నియమం సరైనదే. కాని మా అక్క ఆ దుస్తులు చూసి, "అయ్యో, ఈ వయసుల నేను గవి తొడుగుతనా!" అని నవ్వేసి, చీర మీదే వుండిపోయింది. ఆ ఆవరణలో చెప్పులు వద్దన్నారు కనుక అందరి చెప్పులతో పాటు తన చెప్పులు కూడా లాకరులో పెట్టించింది. సంచుల దగ్గర కూర్చోమన్నాం. ఏ నాయనమ్మ అయినా మనవళ్లు ఆడుతుంటే సంచుల దగ్గర కూర్చుంటుందా? మా వైపు నాయనమ్మను బాపమ్మ అంటారు. "బాపమ్మా, ఇటు సూడు", "బాపమ్మా, నేను జారుతున్న సూడు" అని పిల్లలు పిలుస్తుంటే, తువ్వాళ్లు చంకన పెట్టుకుని ఒక ఆట దగ్గరి నుంచి ఇంకొక ఆట దగ్గరికి వాళ్ల వెంట తిరిగింది. మే నెల. మధ్యాహ్నం. పిల్లల పాదాలు తడిగా వున్నాయి, వాళ్లు గంతులు వేసుకుంటూ పరుగెత్తారు. ఆమె పాదాలు పొడిగా వున్నాయి, నింపాదిగా నడిచింది. నిలబడి చూసింది.

రాత్రి సిద్దిపేట దాటాక టీ తాగడానికి బండి ఆపాం. పిల్లలు సగం నిద్రలో వున్నారు. మేనల్లుడి చిన్న కూతురు, అయిదేళ్లది, బాపమ్మ కాళ్ల దగ్గర పడుకుని వున్నది లేచి, "బాపమ్మా, నీ కాలుకు ఇంత పెద్ద పొక్కు లేచింది" అన్నది. ఫోను దీపం వేసి చూశాను. రెండు అరికాళ్లకూ బొబ్బలు. కుడికాలి బొటనవేలి మొదట్లో వున్నది చెప్పు రాపిడికి అప్పటికే చిట్లి, చర్మం వూడి వచ్చింది.

"అక్కా, నొప్పి లేదా?" అన్నాను.

"ఏం నొప్పి తమ్మీ? కొంచెం జిగట జిగటగ ఉన్నట్టున్నది. చెమట అనుకున్న."

పన్నెండేళ్లుగా ఆమెకు మధుమేహం. మధుమేహంలో నరాలు దెబ్బతింటాయి, అన్నిటికంటే పొడుగైన నరాలు ముందు దెబ్బతింటాయి. కాలువలో నీళ్లు తగ్గినప్పుడు ముందు ఎండేది చివరి పొలమే కదా. వెన్నుపూస నుంచి కాలివేళ్ల దాకా పోయే నరాలు ఆ చివరి పొలం వంటివి. మొదట తిమ్మిర్లు, చీమలు పాకినట్టు వుండడం. ఆ తర్వాత స్పర్శే పోతుంది. తిమ్మిర్లు తగ్గిపోయాయని రోగి సంతోషిస్తాడు. ఎండలో గచ్చు, బండలు గాలి వేడి కంటే ఎంతో ఎక్కువ కాలతాయి. అరవై డిగ్రీల వేడికి చర్మం కాలడానికి కొన్ని క్షణాలు చాలు. మీరు, నేను అయితే అడుగు పడగానే ఎగిరి నీడలోకి పరుగెత్తుతాం. ఆ ఎగరడమే మనల్ని కాపాడుతుంది. అక్కకు ఆ కబురు పైకి అందలేదు.

నాకు తెలియని సంగతా ఇది? వేములవాడ రాజన్న మాకు ఇలవేల్పు. ఎండాకాలంలో కోడె మొక్కు చెల్లించి, ఉత్తకాళ్లతో బండల మీద ప్రదక్షిణలు చేసి వచ్చిన చక్కెర రోగులకు నేను ఎన్నిసార్లు కట్లు కట్టానో లెక్క లేదు. "దేవునికి పొద్దున్నే మొక్కుకో, లేదా మేజోళ్లు వేసుకో, ఏం తప్పు లేదు" అని ఎంతమందితో పోట్లాడానో. గుడి బండల దగ్గర గుర్తున్న సంగతి పార్కు గచ్చు దగ్గర నాకు గుర్తు రాలేదు. విహారానికి పోతున్నాం అనుకున్నప్పుడు డాక్టరు బుర్ర కూడా సెలవు పెడుతుందేమో.

కాలిన వెంటనే అయితే ఇరవై నిమిషాలు పంపు నీళ్ల కింద పెట్టేవాణ్ణి. అప్పటికి ఏడెనిమిది గంటలైపోయింది. శుభ్రమైన నీళ్లతో కడిగి, చిట్లని బొబ్బలు ముట్టకుండా, గాజు గుడ్డ వేసి కట్టాను. ఎవరో టూత్‌పేస్టు రాద్దామన్నారు, వద్దన్నాను. మర్నాడు టెటనస్ సూది వేయించాను. ఎడమ కాలు రెండు వారాల్లో మానింది. కుడికాలు పదో రోజున వాచింది, చీము పట్టింది. పెద్దాస్పత్రిలో చేర్పించాం. అక్కడి సర్జనుగారు, ఎముకకు పాకితే బొటనవేలు తీసేయవలసి వస్తుందన్నారు. ఎక్స్‌రే వచ్చేదాకా మేనల్లుడు వరండాలో నిలబడే వున్నాడు, బెంచీ మీద కూర్చోలేదు. ఎముకకు పాకలేదు.

ఆ ఆస్పత్రిలోనే ఒక యువ డాక్టరు అక్క పాదాలను పరీక్షించాడు. పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాను దారం ఒకటి వుంటుంది, దాన్ని పాదం మీద అక్కడక్కడ ఆనిస్తారు. కళ్లు మూసుకుని, తగిలినప్పుడల్లా "ఆ" అనమన్నాడు. పదిచోట్ల ఆనించాడు. రెండుచోట్ల మాత్రమే అక్క "ఆ" అన్నది. మిగిలిన చోట్ల ఆమె కళ్లు మూసుకుని ఓపికగా ఎదురుచూస్తూనే వుంది, ఎప్పుడు మొదలుపెడతాడా అన్నట్టు. అతను తల వంచుకుని కాగితం మీద రాసుకున్నాడు. నా వైపు చూడలేదు.

అటువంటి దారమే నా టేబులు సొరుగులో వుంది. చీటీ తీసుకుని వరుసలో కూర్చున్న ప్రతి చక్కెర రోగి పాదాలూ దానితో చూశాను. అక్క ఎప్పుడూ చీటీ తీసుకోలేదు. తమ్ముడు డాక్టరు అయ్యాక చీటీ ఎందుకు? నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆమె టీ పెడుతూ, "చక్కెర ఎంతున్నదో సూడు తమ్మీ" అని కాగితం ఇచ్చేది. చూసి, మాత్ర మార్చేవాణ్ణి. పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా ఆమె కాళ్లు చూపమనలేదు. డాక్టర్ల ఇండ్లలో రోగులు ఇలాగే నష్టపోతారు.

జూన్ నెలాఖరున మేనల్లుడి సెలవు అయిపోయింది. టిక్కెట్టు తేదీ మారలేదు. కాలు కింద పెట్టవద్దని చెప్పినా అక్క గోడ పట్టుకుని గడప దాకా వచ్చి ఒంటికాలి మీద నిలబడింది. అతను బండెక్కబోతూ నన్ను పక్కకు పిలిచి, "నేనే జేసిన మామా, ఇంట్ల కూసున్నదాన్ని ఎండలకు తీస్కపోయిన" అన్నాడు. నువ్వు కాదురా, చూడవలసినవాణ్ణి నేను అన్నాను. నమ్మాడో లేదో తెలియదు. ఆ పుండు పూర్తిగా మానేసరికి మూడు నెలలు పట్టింది. అక్క ఆ మూడు నెలలూ కాలు స్టూలు మీద చాపుకునే బీడీలు చుట్టింది.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. ప్రయాణం అనుకున్న రోజునే, టిక్కెట్లు కొనకముందే, ఇంట్లో మధుమేహం వున్నవాళ్లను మంచం మీద కూర్చోబెట్టి కళ్లు మూసుకోమనండి. ఒక్కొక్క పాదానికి బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు, వీటి కొసలను మీ చూపుడు వేలితో తేలికగా, ఒకటి రెండు క్షణాలు తాకండి. నొక్కవద్దు, గోకవద్దు, గిల్లవద్దు. మొత్తం ఆరు చోట్లలో రెండుగాని, అంతకంటే ఎక్కువగాని తెలియలేదంటే ఆ పాదాలకు రక్షణ పోయిందన్నమాట. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్‌లో వైద్యులు తయారుచేసిన పరీక్ష ఇది. పరికరం అక్కరలేదు, పైసా ఖర్చు లేదు. తెలియలేదంటే డాక్టరుకు చూపించండి. అంతేకాని ఆమెను ఇంట్లో వదిలేసి పొమ్మని మాత్రం నేను చెప్పడం లేదు.

తీసుకువెళ్లండి. మేలో కాకుండా డిసెంబరు, జనవరిలలో వెళ్లండి. ఎండాకాలమే తప్పదంటే పొద్దున పదకొండు లోపల, సాయంత్రం మూడున్నర తర్వాత ఆడి, నడుమ నీడలో వుండండి. నీళ్లలో వేసుకునే పలుచని రబ్బరు బూట్లు దొరుకుతాయి. పార్కువాళ్లకు ముందే ఫోను చేసి, పాదాలకు జబ్బు వున్న మనిషికి అవి వేసుకోనిస్తారా అని అడగండి. పాదం మీద చిన్న పుండున్నా నీళ్లలో దించవద్దు. రాత్రి ఇంటికి రాగానే అరికాళ్లు, వేళ్ల సందులు దీపం పెట్టి చూడండి. ఆమె "నొప్పి లేదు" అంటే ఆ మాట నమ్మకండి.

ఇంకొక్క సంగతి. ఇన్సులిన్‌గాని, మాత్రలుగాని వేసుకున్న మనిషి రోజంతా తిరిగి, భోజనం ఆలస్యమైతే చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక మాటలు కనిపిస్తాయి. ఎండ తగిలిందనుకుని నీళ్లు తాగిస్తాం. గ్లూకోజు గాని, నాలుగు చెంచాల పంచదార గాని జేబులో వుండాలి. బయటి తిండి లోపలికి రానివ్వని చోట డాక్టరు చీటీ చూపించి చెప్పండి, పంచదార పొట్లానికి ఎవరూ అడ్డు చెప్పరు. ఇన్సులిన్ సీసాను ఎండలో ఆపిన బండిలో వదలకండి, చెడిపోతుంది.

ఈ డిసెంబరులో మేనల్లుడు మళ్లీ వస్తున్నాడు. పిల్లలు ఇప్పటి నుంచే మొదలుపెట్టారు. ఇంకెక్కడి వాటర్ పార్కు అని అతనే ఫోనులో కసిరాడట. అక్క ఫోను లాక్కుని, "పోదాం. నేనూ వస్త. ఈసారి ఆ బట్టలు తొడుక్కుని నీళ్లల్ల దిగుత" అన్నదట. ఆ మాట నాకు చెప్పి, సిరిసిల్లలో తెప్పించుకున్న రబ్బరు బూట్లు మంచం కింది నుంచి తీసి చూపించింది. నేను పార్కుకు ఫోను చేశాను. డాక్టరు రాసిన కాగితం తెస్తే వేసుకోనిస్తామన్నారు.

"అయితే రాసియ్యి తమ్మీ" అన్నది.

ఇంట్లో రాయనన్నాను. సోమవారం ఆస్పత్రికి వచ్చి, చీటీ తీసుకుని వరుసలో కూర్చోమన్నాను. ముసిముసిగా నవ్వింది కాని వచ్చింది. ముప్పై ఒకటో నెంబరు. లోపలికి రాగానే చెప్పులు విప్పమని, సొరుగు తెరిచాను.